పట్టణములలో పిల్లల ఆటస్థలములు

మన పట్టణములలో అనేక ఉద్యానవనముల ద్వారముకడ ఒక పలక కనిపించును. గడ్డిపై నడవరాదనియు, పూలు కోయరాదనియు, బంతి ఆడరాదనియు దానిపై వ్రాసియుండును. పెద్దలు దానిని చూచి లోనికిపోయి బల్లపై కూర్చుందురు. వెంటవచ్చిన ఏడేండ్ల పిల్లవాడు మాత్రము ఆ యక్షరములను కూడబలుకుకొని చదివి, "మరి ఇక్కడ ఏమి చేయవచ్చును?" అని అడుగును. ఆ ప్రశ్నకు తగిన సమాధానము మనకు వెంటనే తోచదు. ఈ ప్రసంగమున మేము దానినే వెదకదలచితిమి. అందుకు చరిత్రలో కొంత వెనుకకు పోవలసియున్నది. ఏలయనగా ఈ ప్రశ్న మన ఊరిలోనే పుట్టినది కాదు, నేడు పుట్టినదియు కాదు. పెద్దపట్టణములు పెరిగిన ప్రతి దేశమునందును ఇది పుట్టినది. ఒక్కొక్క కాలమువారు ఒక్కొక్క తీరున దీనికి సమాధానము చెప్పజూచిరి.

మన పూర్వులకు ఆటస్థలమను మాటతో పనిలేకపోయెను. వారికి వీధియే ఆటస్థలము. బిళ్ళంగోడునకు పొడవైన వీధి యుండెను. తొక్కుడుబిళ్ళకు ఊడ్చి కళ్ళాపిచల్లిన వాకిలి యుండెను. కోతికొమ్మచ్చికి చెరువుగట్టుమీది మర్రిచెట్టుండెను. దాగుడుమూతలకు గడ్డివాములును, గుడిమండపపు స్తంభములును ఉండెను. చెడుగుడునకు ఏటి యిసుకతిన్నె యుండెను. ఆటవస్తువులు కొనవలసిన పని లేదు. చింతగింజలు, గవ్వలు, కుండపెంకులు, ఒక కర్రముక్క - వీనితోనే ఏడాది పొడవునను ఆటలు సాగెడివి. కీర్తిశేషులు సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో మన ప్రాచీనకావ్యములనుండి ఇట్టి ఆటలను ఏరి చూపిరి. ఆ పేర్లలో అనేకము నేటి మన పిల్లలు వినియైనను ఎరుగరు.

ఆ పాతవీధి పిల్లలకు మూడు సదుపాయములను కలిగించెనని మేము తలచుచున్నాము. మొదటిది సామీప్యము. గడపదాటినంతనే ఆట, తల్లి కేకవేసినచో వినబడునంత దూరములోనే ఆట. రెండవది సామగ్రి. మట్టి, నీరు, రాయి, కొమ్మ - పిల్లవాని చేతిలో ఏ రూపమైనను ధరింపగల వస్తువులు. మూడవది పెద్దల ఉనికి. అరుగుపై కూర్చున్న తాతగారును, బావికడ నీళ్ళు తోడుకొను పిన్నిగారును పిల్లలను కనిపెట్టుచునే యుందురు గాని, ఆటలో చేయిపెట్టరు. పట్టణములు పెరిగినకొలదిని ఈ మూడును పిల్లలనుండి జారిపోయెను. ఆటస్థలముల చరిత్ర యనగా, ఆ పోయినవానిని పట్టణములు పిల్లలకు మరల తీర్చుకొనజూచిన బాకీల చరిత్రయే యని చెప్పవచ్చును.

యంత్రపరిశ్రమలు మొదట ఇంగ్లండులో ప్రబలినవి గావున ఈ యిబ్బందియు మొదట అచ్చటనే తలయెత్తెను. నూలుమిల్లుల పట్టణమైన మాంచెస్టరులో వేలకొలది కుటుంబములు ఇరుకుసందులలో, పొగలో కాపురముండెను. 1846 ఆగష్టు 22వ తేదీన ఆ నగరమున క్వీన్స్ పార్కు, ఫిలిప్స్ పార్కు అను రెండు ఉద్యానములును, పొరుగుననున్న సాల్ఫర్డున పీల్ పార్కును ప్రజలకొరకు తెరువబడెను. ప్రజల చందాలు వానికి ఆధారము. నడకదారులతోబాటు ఆటలకును వ్యాయామమునకును అందులో చోటు విడిచిరి. ఇది మంచి ఆరంభమే. కాని ఉద్యానమనునది సెలవుదినమున కుటుంబమంతయు కలిసి పోవు చోటు. ప్రతిదినము సాయంకాలము నాలుగేండ్ల పిల్ల తనంతట తాను పోగల చోటు కాదు. సామీప్యమను బాకీ అట్లే మిగిలెను.

తరువాతి ముచ్చట అమెరికాలోనిది. దాని మూలము మాత్రము జర్మనీలో నున్నది. ఆటయే శిశువునకు విద్య యని బోధించిన ఫ్రోబెల్ మహాశయుడు 1840లో తన పాఠశాలకు 'కిండర్‌గార్టెన్', అనగా శిశువుల తోట, అని పేరుపెట్టెను. ఆయన బోధలు వ్యాపించిన బెర్లిన్ నగరమున ఉద్యానములలో పిల్లలకొరకు ఇసుకకుప్పలు పోయు ఆచారమేర్పడెను. అమెరికాలోని బోస్టన్ నగరమున 1862లో స్త్రీలకును శిశువులకును వైద్యశాల స్థాపించిన డాక్టరు మేరీ జక్షెవ్‌స్కా బెర్లిన్‌లోనే పుట్టినది. 1885లో ఆమె బెర్లిన్ పోయి ఆ ఇసుకకుప్పలను చూచి, ధనికుల బిడ్డలును పేదల బిడ్డలును వానిలో ఆడుకొనుచున్నారని బోస్టన్‌లోని తన మిత్రులకు వ్రాసెను.

ఆ జాబు వ్యర్థము కాలేదు. ఆ యేటనే మసాచుసెట్సు రాష్ట్రమునందలి ఆరోగ్యసంఘమువారు పార్మెంటర్ వీధిలోని ఒక చిన్న ప్రార్థనామందిరపు ఆవరణలో ఇసుక పోయించిరి. అది పేదలు కిక్కిరిసి నివసించు ప్రాంతము. జులై నెలయంతయు, ఆగష్టు సగమువరకును, వారమునకు మూడుదినములు, సగటున పదునైదుగురు పిల్లలు అచ్చటికి వచ్చి పారలతో, కొయ్యచిప్పలతో ఆడుకొనిరి. ఇంతే దాని వైభవము! అమెరికా దేశపు ఆటస్థలోద్యమమునకు చరిత్రకారులు ఈ యిసుకకుప్పనే తొలిమెట్టుగా చెప్పుదురు. కృష్ణాతీరమునను గోదావరీతీరమునను పెరిగినవారికి ఇసుకలో గుళ్ళుకట్టు ఆనందమును వేరుగ వర్ణింపనక్కరలేదు. మన పిల్లలకు నది ఉచితముగ నిచ్చినదానిని బోస్టన్‌లో బండిపై తెప్పించి పోయవలసి వచ్చెను. అయినను ఆ బండియెడు ఇసుక ఇంటికి చేరువలోనికి వచ్చెను. పిల్లల చేతిలో పలురూపములు దాల్చెను. మూడు బాకీలలో రెండు కొంతవరకైనను తీరెను. కొలది సంవత్సరములలోనే ఆ నగరమున ఇట్టి ఇసుకతోటలు మరికొన్ని వెలసెను.

షికాగో నగరమున జేన్ ఆడమ్స్ అను మహనీయురాలు 1889లో తన సహచారిణితో కలిసి స్థాపించిన 'హల్ హౌస్' అను సేవాసదనము ఈ కృషిని మరియొక మెట్టు పైకి తెచ్చెను. ఆ సదనమునకు సమీపముననున్న పాడుపడిన అద్దెకొంపల దుస్థితిని గూర్చి ఆ సదనమువారు వాని యజమానియొద్ద మొరపెట్టిరి. అతడు ఆ స్థలమును సదనమునకే అప్పగించెను. కొంపలను పడగొట్టి, నేల చదునుచేసి, పిల్లలకు విడిచిరి. పట్టణమున ఇండ్లు కట్టుటకై ఆటస్థలములను తీసికొనుట మనము నిత్యము చూచునదే. ఆటస్థలముకొరకు ఇండ్లను తీసివేయుట అపూర్వము. పట్టణములు యువజనుల శ్రమను కొనుటకు నేర్చినవి గాని వారి ఆటకు ఏర్పాటు చేయుట నేర్వలేదని జేన్ ఆడమ్స్ 1909లో వెలువరించిన తన గ్రంథములో వాదించినది.

అంతవరకు ఇది దాతల ధర్మము. ప్రభుత్వపు బాధ్యత యని గుర్తింపబడుటకు న్యూయార్కు నగరము దారితీసెను. అచ్చట లిలియన్ వాల్డ్, చార్లెస్ స్టోవర్ మొదలగువారు 1898లో ఒక సంఘముగ ఏర్పడి, పేదపేటలలో ఖాళీస్థలముల నడిగి తీసికొని ఉయ్యాలలు కట్టించి చూపిరి. పిల్లలకు వీధితప్ప వేరుచోటు లేదనియు, వీధిలో ఆడినచో పోలీసువారు తరుముదురనియు వారి మొర. తుదకు 1903 అక్టోబరు 17వ తేదీన సీవార్డు పార్కులో నగరపాలకులే శాశ్వతముగ నిర్మించిన ఆటస్థలము ప్రారంభమయ్యెను. ఆ దేశమున ఒక నగరపాలక సంఘము ఇట్లు కట్టించిన మొదటి ఆటస్థలము ఇదియే. ఆనాడు పిల్లలు వేలకొలదిగ వచ్చిపడిరి. 1906లో వాషింగ్టన్ నగరమున ఆటస్థలముల జాతీయసంఘమేర్పడగా, ఆనాటి అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు దానికి గౌరవాధ్యక్షుడయ్యెను.

ఉద్యమము బలపడినకొలదిని దాని స్వభావము మారెను. వలసవచ్చిన పేదల బిడ్డలను మంచి పౌరులుగ తీర్చిదిద్దవలెనన్న ఆశయము మీదికి వచ్చెను. ఆటస్థలమునకు ఇనుపకంచె వచ్చెను, వేళలు వచ్చెను, ఈల చేతబట్టిన శిక్షకుడు వచ్చెను. బాలురకొక భాగము, బాలికలకొక భాగము ఏర్పడెను. వరుసలో నిలిచి చేయు వ్యాయామమునకు ఆటయని పేరువచ్చెను. దీనివలన మేలు కలుగలేదని మేము చెప్పము. ఎందరో పిల్లలకు గాలియు వెలుతురును లభించెను. కాని అరుగుపై కూర్చున్న తాతగారికిని ఈల ఊదు శిక్షకునికిని భేదము కలదు. మూడవ బాకీని ఈ విధముగ తీర్చజూచి, వడ్డీక్రింద పిల్లవాని స్వేచ్ఛనే తీసికొనిరి.

ఇనుపసామగ్రి చరిత్రయు ఈ కాలములోనిదే. ఇంగ్లండులోని కెటరింగ్ పట్టణమున చార్లెస్ విక్‌స్టీడ్ అను యంత్రపరిశ్రమాధిపతి ప్రజలకొరకు 1921లో ఒక ఉద్యానమును తెరిచెను. విహారమునకు వచ్చిన పిల్లలకొరకు గొట్టములను కట్టి తాత్కాలికముగ ఉయ్యాలలు వేయించెను. పిల్లలు వానిని విడిచిపెట్టరైరి. అది చూచి ఆయన శాశ్వతమైన ఉయ్యాలలను, జారుడుబల్లలను చేయించెను. పిదప తన కర్మాగారమున వానిని తయారుచేసి ఊరూరికి పంపెను. అమెరికాలో విన్నెట్కా అను ఊరిలో సెబాస్టియన్ హింటన్ అను న్యాయవాది 1920లో ఇనుపకడ్డీల చట్రమును కల్పించి పేటెంటు కోరెను. దాని వెనుక వింతకథ యొకటి కలదు. ఆయన తండ్రి గణితశాస్త్రజ్ఞుడు. జపానులో నున్నప్పుడు తన పిల్లలకు రేఖాగణితము నేర్పుటకు వెదుళ్ళతో గదులుగదులుగ చట్రము కట్టి, ఫలానా బిందువు కడకు ఎక్కుడని చెప్పెడివాడు. పిల్లలు గణితమును మరచిరి గాని ఎక్కుటను మరువలేదు! నేడు మన పాఠశాలల ఆవరణలలో కనిపించు ఇనుపకడ్డీల గూడునకు మూలపురుషుడు ఆ వెదురుచట్రమే.

ఉయ్యాలలు, జారుడుబల్లలు మంచివే. కాని వానిలో నొక లోపము కలదు. జారుడుబల్ల జారుటకే పనికివచ్చును. దానిని ఓడగానో కోటగానో మార్చుట పిల్లవానికి సులభము కాదు. పెద్దలు ముందే ఆలోచించి బిగించిన ఆటను పిల్లవాడు పదిమారులు ఆడి విసుగుచెందును. ఇంతలో మోటారుకార్లు ప్రబలి, వీధియనునది పిల్లలకు ప్రాణాపాయస్థానముగ మారెను. న్యూయార్కు పోలీసువారు 1914లో కొన్ని వేళలయందు ఒక వీధిలోనికి బండ్లను రానీయక పిల్లలకు విడిచిరి. ఇంగ్లండులో 1938లో ఇట్టి 'ఆటవీధుల'కొరకు ప్రత్యేకముగ చట్టమునే చేసిరి. ఇట్లు వీధిని గంటలలెక్కన పిల్లలకు ఎరువిచ్చు కాలము వచ్చెను.

ఈ దశలో ఒక చిన్నదేశమునందు ఒక ఉద్యానశిల్పి కలిగించిన మార్పు మిక్కిలి గమనింపదగినది. డెన్మార్కు దేశీయుడగు సోరెన్‌సెన్ అనేక ఉద్యానములను, ఆటస్థలములను తీర్చినవాడు. తాను శ్రమపడి అందముగ నిర్మించిన ఆటస్థలములను విడిచి, పిల్లలు ఇండ్లు కట్టుచున్న చోటులకును, పాతసామాను పడవేసిన దొడ్లకును పోయి ఆడుకొనుచుండుట ఆయన కంటబడెను. మరియొకడైనచో పిల్లలపై కోపగించియుండును. ఆయన తన తప్పు తెలిసికొనెను. పాతపలకలు, ఇటుకలు, చక్రములు, త్రాళ్ళు నింపిన ఆటస్థలము నొకదానిని ఏర్పరచి చూడవచ్చునని 1931లోనే తన గ్రంథములో సూచించెను.

ఆ సూచన ఫలించినది ఎట్టి కాలముననో గమనింపుడు. 1940 ఏప్రిల్ 9వ తేదీన జర్మనీ సేనలు డెన్మార్కును ఆక్రమించుకొనెను. ఆ పరపాలనలో, 1943 ఆగష్టులో, కోపెన్‌హేగెన్ నగరశివారుననున్న ఎమ్‌డ్రుప్ అను చోట, శ్రామికుల సహకార గృహములనడుమ, తుక్కుసామాను ఆటస్థలము ప్రారంభింపబడెను. చుట్టును ఎత్తైన మట్టికట్ట. లోపల పలకలు, ఇటుకలు, పారలు, సుత్తులు. పిల్లలు గుహలు త్రవ్విరి, గుడిసెలు కట్టిరి, కట్టినదానిని పడగొట్టి మరల కట్టిరి. మొదటి పర్యవేక్షకుడు జాన్ బెర్టెల్‌సెన్. ఆయన ఒకప్పుడు నావికుడు, పిదప శిశువిద్యలో శిక్షణపొందినవాడు. పిల్లలకు ఏమి చేయవలెనో తాను చెప్పరాదనియు, వారు అడిగినప్పుడు సాయపడుటయే తన ధర్మమనియు ఆయన నియమము. చూచుటకు ఆ స్థలము ఏమాత్రమును అందముగ లేకపోయెను. తాను నిర్మించిన వానిలోకెల్ల అదియే వికారమైనదనియు, అయినను తన దృష్టిలో అదియే శ్రేష్ఠమైనదనియు సోరెన్‌సెన్ పిమ్మట చెప్పుకొనెను. దేశము పరుల వశమున నున్న దినములలో ఆ పిల్లలకు తమ యిచ్చవచ్చినట్లు నిర్మించుకొనదగిన భూమి కొంచెమైనను దొరకెను.

యుద్ధము ముగిసిన పిదప 1946లో ఇంగ్లండు దేశీయురాలు, స్వయముగ ఉద్యానశిల్పమెరిగిన లేడీ ఆలెన్ ఎమ్‌డ్రుప్‌ను చూచి ముగ్ధురాలయ్యెను. ఆ యేడే 'పిక్చర్ పోస్టు' పత్రికలో ఆ విశేషమును చిత్రములతో ప్రకటించెను. లండన్ నగరమున అప్పుడు బాంబులు పడి కూలిన ఇండ్ల స్థలములు ఎటుచూచినను ఉండెను. పిల్లలు ఎట్లును ఆ శిథిలములలోనే ఆడుకొనుచుండిరి. ఆ స్థలములనే వారికి ఒప్పగించి, పనిముట్లు చేతికిచ్చి, కనిపెట్టుటకు ఒక పెద్దను నియమింపరాదా యని ఆమె ప్రశ్న. 1948లో కాంబర్‌వెల్ పేటలోను, 1955లో లాంబెత్ పేటలోని లొల్లార్డు వీధిలోను ఇట్టి 'సాహసక్రీడాస్థలములు' వెలసెను. దెబ్బలు తగులునని భయపడిన వారికి ఆమె సమాధానము: విరిగిన ఎముక అతుకుకొనును గాని, క్రుంగిన మనస్సు అంత తేలికగ కోలుకొనదు. కాలక్రమమున ఆ ఖాళీస్థలములు కొన్ని కట్టడములకు పోయినను, ఆ పద్ధతి మాత్రము నిలిచి అనేకదేశములకు ప్రాకెను. సామగ్రియను రెండవ బాకీయు, పెద్దల ఉనికియను మూడవ బాకీయు ఇచ్చట ఒక్కచోట తీరెనని మేము తలచుచున్నాము.

సామీప్యమను మొదటి బాకీని తీర్చిన కీర్తి హాలెండు దేశమునందలి ఆమ్‌స్టర్‌డామ్ నగరమునకు దక్కెను. యుద్ధానంతరము ఆ నగరము మిక్కిలి పేదరికమున నుండెను. పెద్దమైదానములు కొనుటకు ధనము లేదు, స్థలమును లేదు. నగరనిర్మాణశాఖలో పనిచేయుచున్న యాకోబా ముల్డర్ అను మహిళ ప్రతిపేటకును ఒక చిన్న ఆటస్థలముండవలెనని తలచెను. ఆ పని ఆల్డో వాన్ ఐక్ అను యువశిల్పికి ఒప్పగింపబడెను. అప్పటికి ఆయనకు ముప్పదేండ్లు నిండలేదు. 1947లో బెర్టెల్మన్‌ప్లైన్ అను చిన్నకూడలిలో ఆయన మొదటిదానిని అమర్చెను. వెడల్పైన అంచుగల ఇసుకగుంట యొకటి; దానిలో దాటుటకు నాలుగు గుండ్రని రాళ్ళు; దొర్లుటకు వంచిన ఇనుపకమ్ములు; చుట్టును చెట్లు, పెద్దలు కూర్చుండుటకు బల్లలు. కంచె లేదు, ద్వారము లేదు, పలకయు లేదు.

ఆ రాళ్ళు ఏనుగువలె గాని, గుఱ్ఱమువలె గాని చెక్కబడలేదు. అవి పిల్లలు ఏది యన్నచో అది కావలెనని ఆయన తలపు. ఏనుగుబొమ్మ ఏనుగే గాని వేరొకటి కాదు గదా! అది చూచి తమ పేటకును అట్టిది కావలెనని పౌరులు నగరశాఖకు జాబులు వ్రాసిరి. ఇండ్లమధ్య కూలిపోయిన యింటి జాగా, వీధిమూలనున్న త్రికోణపు చెక్క, కాలువగట్టుననున్న మిగులునేల - ఎచ్చట చిన్నచోటు దొరకినను అచ్చట నొక ఇసుకగుంట, నాలుగు రాళ్ళు, ఒక కమ్మి వెలసెను. 1947 మొదలు 1978 వరకు ఆయన రూపకల్పన చేసినవి ఏడువందలకు మించెను. మంచుకురిసిన దినమున బండ్లాగిపోయి పట్టణమంతయు పిల్లల వశమగును గదా, మంచుకంటె నిలకడగలిగిన ఏర్పాటు నొకదానిని పట్టణము వారికి చేయవలెనని వాన్ ఐక్ వాదించెను. మన తెలుగు పట్టణములలో మంచు కురియదు గాని, సంక్రాంతినాడు ముగ్గులతో నిండిన వీధిని చూచినవారికి ఈ భావము సులభముగ బోధపడును.

అయినను ఇసుకగుంటకు చేరుటకు పిల్లవాడు వీధి దాటవలెను గదా! 1971వ సంవత్సరమున హాలెండులో రోడ్డుప్రమాదములలో నాలుగువందలమందికి పైగా పిల్లలు మరణించిరి. తన కుమార్తెను పోగొట్టుకొన్న ఒక పత్రికారచయిత 1972లో వ్రాసిన వ్యాసము దేశమును కదిలించెను. తల్లిదండ్రులు పిల్లలతోగూడ వీధులలో బైఠాయించిరి. డెల్ఫ్ట్ నగరమున అంతకు మునుపే కొన్ని వీధులను, బండి నడచుమనిషి వేగమును మించి పోలేనట్లు వంకరలు త్రిప్పి, చెట్లు నాటి మార్చియుండిరి. 1976లో అట్టి వీధులను ఆ దేశపు చట్టము గుర్తించెను. వానిలో బండ్లవారు అతిథులు, నడచువారును ఆడువారును గృహస్థులు. ఇట్లు ఆటస్థలముల చరిత్ర చుట్టుతిరిగి బయలుదేరినచోటికే, వీధికే, చేరెను.

ఆట పిల్లల హక్కు యని 1959లో ఐక్యరాజ్యసమితి ప్రకటించెను. 1989 నాటి బాలలహక్కుల ఒడంబడికలో 31వ అధికరణము దానిని మరల దృఢపరచెను. మనదేశము 1992లో దానికి సమ్మతించెను. 1956లో నెహ్రూగారి ప్రోత్సాహమున ఢిల్లీలో బాలభవన్ వెలసెను. 2009 నాటి విద్యాహక్కుచట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థలముండవలెనని నిర్దేశించినది. కాగితముపై పిల్లల పక్షమే నెగ్గినది. కాని మన పట్టణములలో ఖాళీజాగా కనబడినచో మొదట గుర్తువచ్చునది ఆట కాదు, దాని గజము ధర. మేము చిన్ననాట ఆడిన జాగాలలో నేడు పునాది లేనిది వెదకి చూడవలెను.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. మంచి ఆటస్థలమును గుర్తించుట ఎట్లు? రంగుల సామగ్రిని చూచి మోసపోవలదు. సాయంకాలము అయిదుగంటలకు అచ్చటికి పోయి చూడుడు. పిల్లలున్నారా, లేరా? లేనిచో ఎంత ఖరీదైనదైనను అది ఆటస్థలము కాదు, అలంకారమే. ఉన్నచో, వారు నడచి వచ్చినవారా, వాహనములపై తేబడినవారా యని చూడుడు. మీ ఇంటినుండి పిల్లవాడు నడువగల దూరములోని చిన్నజాగా, ఊరిచివరనున్న పెద్ద ఉద్యానముకంటె మేలు. అచ్చట మట్టియో ఇసుకయో యుండవలెను. నేలయంతయు సిమెంటుతో కప్పబడియుండరాదు. మన ఎండలకు వేపయో కానుగో నీడనీయవలెను. మిట్టమధ్యాహ్నపు ఇనుపజారుడుబల్ల పెనముతో సమానము. కూర్చుండుటకు పెద్దలకు చోటుండవలెను. ఉయ్యాల గొలుసులు తుప్పుపట్టినవా, పడుచోట రాయి గాజుపెంకు ఉన్నవా యని చూచుట మన విధి. ఎత్తునుండి దుముకుటయా, మానుటయా యని నిర్ణయించుకొనుట పిల్లవాని విధి.

అట్టిచోటు లేనిచో ఏమి చేయవలెను? ఆమ్‌స్టర్‌డామ్ పౌరులు చేసినదే చేయవచ్చును. పురపాలక సంఘమునకు జాబు వ్రాయవచ్చును. మీ వీధిలోని ఇండ్లవారు కూడబలుకుకొని, ఆదివారము సాయంకాలమున ఒక గంట బండ్లను వీధిమొదటనే ఆపుకొనవచ్చును. బోస్టన్‌వలె ఒక బండియెడు ఇసుకను అపార్టుమెంటు ఆవరణమూలను పోయింపవచ్చును. అమ్మమ్మలు, తాతయ్యలు తమకు వచ్చిన ఆటలను ఒక్కమారు నేర్పి, పిదప బల్లపై కూర్చుండవచ్చును. బట్టలు మాయునని గద్దించుట మానవచ్చును. వీనిలో దేనికిని పెద్దధనము అక్కరలేదు.

కడపట మా వృత్తికి కొంత విరుద్ధమైన మాట యొకటి చెప్పవలసియున్నది. రేడియోకును పిల్లలకును చిరకాలపు స్నేహము. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగ ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలచే ఆడించి పాడించి తెలుగు ఇండ్లను ఆనందింపజేసిరి. ఆ స్నేహమును తలచియే మేమీ మాట చెప్పుచున్నాము. ఎండ చల్లబడి, వీధిలో పిల్లల కేకలు వినవచ్చు వేళ, మీ యింటి పిల్లవాడు రేడియోముందుగాని, నేటి కాలపు ఫోనుముందుగాని కూర్చుండియున్నచో, దయచేసి దానిని ఆపి వానిని బయటికి పంపుడు. మా కార్యక్రమము వాడు తిరిగివచ్చి కాళ్ళు కడుగుకొనువరకు వేచియుండును.